ఖలాస్ అంటే ఇంకొంచెం

"షాలూ! అబూ సాలెహ్ తోటలో ఇల్లు మనకిస్తానన్నాడే!"

ఫోన్‌లో మా ఆయన థామస్ గారు అలా అరిచేసరికి, వంకాయలు తరుగుతున్న చాకు పట్టుకునే గెంతాను. సౌదీలోని బురైదాలో, అబూ సాలెహ్ గారి ఆ ఖర్జూర తోటలో ఆయన మోటార్ల మెకానిక్. పెళ్లయి నలభై రోజులైనా జ్ఞానమణి ఆంటీ ఫ్లాట్‌లో ఒక గదిలో, ప్లైవుడ్ గోడకి ఇవతల, గుసగుసల్లోనే కాపురం చేస్తున్నాం.

"హమ్మయ్య," అంది ఆంటీ గోడ అవతలి నుంచి. "ఇక మీరు గట్టిగా నవ్వుకోవచ్చు, నేను నిద్రపోవచ్చు."

"కానీ ఒకటుంది," అన్నారాయన. "ఆ ఇల్లు వాళ్లింటిని ఆనుకునే ఉంటుంది. వాళ్లావిడకి నువ్వు నచ్చాలంట. ఇవాళ సాయంత్రం ఖర్జూరాలు రుచి చూడ్డానికి రమ్మంది."

"నాసిక్ ద్రాక్షతోటలకి తీసుకెళ్లి వైన్ రుచి చూపిస్తానన్నది ఎవరండీ?"

"ఇదీ తోటే కదే. చెట్టు మారిందంతే. ఏం పెట్టినా వద్దనకు, చిన్నబుచ్చుకుంటుంది."

సాయంత్రం ఆయన్ని మగవాళ్ల వైపు, నన్ను ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టారు. నాకొచ్చిన అరబిక్ నాలుగు ముక్కలు. అబూ సాలెహ్ గారి భార్య ఉమ్మ్ సాలెహ్ గోరింటాకు చేతులతో నా ముందు పళ్లేలు పరిచింది. బర్హీ అట, పసుప్పచ్చగా, దోరజామకాయలా కరకరమంది. సుక్కరీ అట, సగం గట్టి, సగం బెల్లప్పాకం.

నాసిక్ వెళ్తామన్న ఆశతో వైన్ రుచి చూసే వీడియోలు ఎన్ని చూశానో! ఆ చదువంతా ఇక్కడ పెట్టాను. పండును వెలుతురుకి ఎత్తి చూశాను. వాసన చూశాను. కొంచెం కొరికి, కళ్లు మూసుకుని నాలుక మీద తిప్పాను. కళ్లు తెరిచేసరికి ఆవిడ మొహం ముడుచుకుపోయి ఉంది. ఒక పండు తీసి, రెండుగా చీల్చి, లోపల పురుగు లేదని చూపించింది. చచ్చానురా దేవుడా అనుకుని, ఆ రెండు ముక్కలూ గబగబా నోట్లో వేసుకున్నాను.

ఇక పళ్లెం ఖాళీ అయితే పళ్లెం, చిన్న కప్పు ఖాళీ అయితే ఏలకుల కాఫీ. ఐదో పళ్లేనికి పొట్ట డోలు అయింది. ఆయనకి మెసేజ్ పెట్టాను: "ఇక నా వల్ల కాదండీ. చాలు అని ఎలా చెప్పాలి?"

"ఖలాస్ అను."

చేతులు జోడించి, "ఖలాస్," అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. "ఖలాస్?"

"ఖలాస్, ఖలాస్!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. దాదాపు పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లి, తేనెరంగు పళ్లు ఇంకో పళ్లెం నిండా తెచ్చింది. రెండు తిని, "ఖలాస్!" అని మరింత గట్టిగా అన్నాను. ఇంకో గుప్పెడు వేసింది.

"ఎంత గట్టిగా అంటే అంత పెడుతోందండీ!" అని మళ్లీ మెసేజ్ పెట్టాను.

ముందు వరసగా నవ్వు బొమ్మలు వచ్చాయి. తర్వాత: "అయ్యో, ఖలాస్ అని ఖర్జూరంలో ఒక రకం కూడా ఉందే. మర్చిపోయా. కప్పు అటూ ఇటూ ఊపు, ఆపేస్తుంది."

"మర్చిపోయారా, కావాలని చేశారా?"

"ఇల్లొచ్చాక చెప్తా."

కప్పు ఊపాను. ఆవిడ నవ్వి కప్పు తీసేసుకుంది. కానీ నోట్లో ఉన్న పండు రుచి అప్పుడే తెలిసింది. సుక్కరీ అంత తీపి లేదు. వేయించిన నువ్వుల వాసన. చెయ్యి దానంతటదే వెళ్లి పళ్లెంలోంచి ఇంకొకటి తీసుకుంది. ఉమ్మ్ సాలెహ్ నవ్వడం మానేసి, నేను నమిలి మింగేదాకా చూస్తూ కూర్చుంది. తర్వాత నా బుగ్గ తట్టి ఏదో చాలాసేపు చెప్పింది. నాకు 'బైత్' ఒక్కటే అర్థమైంది. ఇల్లు.

బయట థామస్ గారు బండి దగ్గర నిలబడి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. భుజం మీద ఒక్కటిచ్చాను.

"ఆగవే, విను. ఈ తోటలో వెయ్యి సుక్కరీ చెట్లున్నాయి, ఖలాస్ మూడే మూడు. ఆవిడ కొత్త పెళ్లికూతురిగా అల్ అహ్సా నుంచి వచ్చినప్పుడు పుట్టింటి ఖలాస్ పిలకలు తెచ్చి నాటుకుందట. వచ్చినవాళ్లంతా సుక్కరీనే పొగుడుతారు. పేరు పెట్టి ఖలాస్ అడిగింది నువ్వేనట. అదీ మూడుసార్లు!"

"నేనడగలేదు కదండీ," అన్నాను సిగ్గుపడి. "ఆ చివరిది మాత్రం నిజంగానే కావాలని తీసుకున్నా."

"అదే చెప్పిందంట మొగుడికి." జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "రేపు పొద్దున్న ఆరింటికి పికప్ తెస్తున్నా. ముందు మంచం ఎక్కిస్తాం, తర్వాత స్టవ్వు, చివర్లో నువ్వు."

"కాదు," అన్నాను. "రేపు ముందు నేనే ఎక్కుతా."