రాయని కాలేజీ

గుడ్డ ఎంతుందో కొలవకుండా కత్తెర పట్టకూడదు. దర్జీగా నాన్న నమ్మిన సూత్రం అదొక్కటే. ఇరవై రెండేళ్లలో ఎవరి గుడ్డా పాడుచేయలేదని ఆయనకు పేరు. చివరికి కూతురి చదువుకూ ఆ సూత్రమే వాడాడు.

చేరాలనుకునే ఇంజనీరింగ్ కాలేజీల జాబితా పెట్టడానికి ఆ రోజే ఆఖరు. మళ్లీ విడత లేదు. నెట్ సెంటర్‌లో తండ్రీకూతుళ్లు ఒకే కుర్చీ మీద చెరో అంచున కూర్చున్నారు. అమ్మాయి ర్యాంకు ఆరువేల నాలుగువందల పద్దెనిమిది. ఆమె చదివిన బడి నుంచి పరీక్ష రాసినవాళ్లలో అదే మొదటిది. ప్రైవేటు కాలేజీల ఫీజులు కుట్టు మిషన్ రాత్రింబవళ్లు తిరిగినా తీరేవి కావు. అందేవి రెండే రెండు. ఒకటి పాత ప్రభుత్వ కాలేజీ, ఇంకోటి నిరుడు తక్కువ ఫీజుతో తెరిచిన చిన్న కాలేజీ. ఈ రెంటిలో ఏదీ రాకపోతే దుకాణం మూలనున్న రెండో మిషన్ ముందు ఆమె కూర్చోవాల్సిందే.

"ప్రభుత్వ కాలేజీలో నిరుడు ఆఖరి సీటు ఎంత ర్యాంకుకిచ్చారు బాబూ?" అడిగాడు నాన్న.

"ఆరువేల రెండొందలకి," అన్నాడు సెంటర్ అతను, వెనకున్న వరుసను చూస్తూ.

"మరి చిన్న దాంట్లో?"

"తొమ్మిదివేల దాకా వెళ్లింది."

"ఇంకేం. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపాలమ్మా. చిన్నదొక్కటే రాయించు."

తెర మీద ఇంకా ఇరవై తొమ్మిది గడులు ఖాళీగా ఉన్నాయి. రాస్తే పోయేదేముంది నాన్నా అని అడగాలనుకుంది ఆమె. నాన్న వైపు తిరిగి, మళ్లీ తెర వైపే చూసింది. క్లాసులోనూ అంతే. సందేహాలన్నీ నోట్సు వెనక పేజీలో రాసుకునేదే తప్ప నోరు తెరిచేది కాదు. మాట్లాడితే ముత్యాలు రాలతాయా అని లెక్కల మాస్టారు ఎన్నిసార్లన్నారో. వెనక ఎవరో దగ్గారు. సెంటర్ అతను బటన్ నొక్కేశాడు.

ఈ ఏడు అందరూ నాన్నలాగే లెక్క వేసుకున్నారు కాబోలు, చిన్న కాలేజీకే ఎగబడ్డారు. అక్కడున్నవే అరవై సీట్లు. ఆరువేల మూడొందల దగ్గరే నిండిపోయాయి. 'సీటు కేటాయించలేదు' అన్న కాగితాన్ని నాన్న మడతపెట్టి, బిల్లు పుస్తకంలో పెట్టుకున్నాడు. మర్నాడు అమ్మ రెండో మిషన్‌కి నూనె పోసింది.

వారం తర్వాత, వెనక బెంచీలో కూర్చునే క్లాస్‌మేట్ గుడ్డ పట్టుకుని దుకాణానికొచ్చింది.

"బాబాయ్, సోమవారానికి రెండు జతలు కావాలి. హాస్టల్‌కెళ్లాలి."

"ఏ కాలేజీ తల్లీ?" నాన్న టేపు తీసి ఆమె భుజం మీద పెట్టాడు. కూతురు పుస్తకం తెరిచి కలం పట్టుకుంది. కొలతలు రాయడం ఎప్పుడూ ఆమె పనే.

"ప్రభుత్వ కాలేజీ. నాకే నమ్మబుద్ధి కావట్లేదు బాబాయ్. నాది ఆరువేల ఐదొందల అరవై. రాస్తే కొడతారా ఏంటని ఊరికే పైన రాసి పడేశా. వచ్చేసింది. నువ్వెందులో చేరుతున్నావే?"

"ఇంకా చూడాలి," అంది ఆమె, పుస్తకంలోంచి తలెత్తకుండా.

నాన్న టేపు భుజం మీదే ఆగింది.

"భుజం పద్నాలుగు," అన్నాడు. మళ్లీ, "భుజం పద్నాలుగు," అన్నాడు. ఒకే కొలత రెండుసార్లు చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. రెండోసారి కూడా రాసింది.

క్లాస్‌మేట్ వెళ్లిపోయాక నాన్న గుడ్డ పరిచాడు కానీ కత్తెర తీయలేదు.

"ఆవేళ నువ్వేదో అడగబోయావు కదమ్మా."

"లేదు నాన్నా."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు." ఆయన సుద్దముక్కతో గీత గీసి, అది వంకరపోతే చెరిపాడు. "నువ్వడిగినా నేను రాయనిచ్చేవాణ్ని కాదులే."

ఆమె కలానికి మూత పెట్టబోయింది.

"కొలతల కింద రాయి," అన్నాడు నాన్న. "పక్కకుట్టులో రెండంగుళాలు లోపలికి వదలాలని. ఎదిగే పిల్లలు. సరిగ్గా కొలతకి కుట్టేస్తే ఏడాది తిరక్కుండా చాలకుండా పోతుంది."

ఆమె రాసింది. తర్వాత లేచి, రెండో మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది.