హద్దురాయికి కాళ్లు

ఓబులరెడ్డి పాతిన హద్దురాళ్లకు కాళ్లుంటాయనీ, చీకటిపడితే అవి అవతలివాడి నేలలోకి నడిచిపోతాయనీ జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో అందరూ నమ్మేవారు. బండ్లు చేసే ఖలందర్ కూడా నమ్మాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. ఎండకూ వానకూ చక్రాలు చెడిపోతున్నాయని, తన దొడ్డిలో గుంజలు పాతి పైన రేకులు పరిచి ఒక కొట్టం వేసుకోవాలనుకున్నాడు ఖలందర్. దానికి పంచాయతీ అనుమతి కావాలి. మూరమూరకూ ముడివేసిన గోగునార తాడుతో, వానలో తడుస్తూనే దొడ్డి కొలిచి, వెడల్పు నలభై మూరలని అర్జీ పెట్టాడు. వానలు వెనకబట్టాక గుంతలు తీద్దామని అదే తాడు వేస్తే ముప్పై ఎనిమిదే వచ్చింది. హద్దురాయికి అవతల ఓబులరెడ్డి చేను. కొలత తప్పితే అనుమతి రాదు.

"రెండు మూరలు మింగినాడు," అన్నాడు భార్య రషీదాతో.

"నువ్వు చూసినావా?"

"చూసేదేముంది? నన్ను చూసి నవ్వతాండాడు."

"మనిషన్నాక నవ్వడా?"

ఆనాటి నుంచి ఓబులరెడ్డి దగ్గినా ఖలందర్‌కు అందులో అర్థం కనిపించింది. రెడ్డి పారతో పోతే రాయి జరపడానికే. వట్టి చేతులతో వస్తే పని ముగించుకున్నట్టే.

కొలతలు చూసే పంచాయతీ ఓవర్సీరు తనిఖీకి వచ్చిన పొద్దున జల్లు పడి, బయట వేలాడుతున్న తాడు నానిపోయింది.

"దేనితో కొలిచావో దానితోనే కొలువు," అన్నాడు ఓవర్సీరు.

సరిగ్గా నలభై మూరలు.

"చూసినారా సార్! మీరొస్తాండారని రాయి ఎనక్కి పెట్టినాడు!" అని అరిచాడు ఖలందర్.

"ఏమప్పా, తగ్గినా దొంగనే, సరిపోయినా దొంగనేనా?" అన్నాడు ఓబులరెడ్డి గట్టు మీంచి. "నా నడుముకు ఆ రాయి లేస్తే నీ కొట్టం గుంజలన్నీ నేనే మోస్తా, పో!"

"మీరు అట్ల పోతానే మళ్లీ ముప్పై ఎనిమిదవుతాది సార్."

ఓవర్సీరుకు ఒళ్లు మండింది. "అయితే పోను. ఇక్కడే కూర్చుంటా," అని హద్దురాయి మీదే కూర్చున్నాడు. తాడును కంచెమీద ఆరేశారు. ఎండ ముదిరింది. రషీదా మజ్జిగ తెచ్చిచ్చింది. ఖలందర్ మాత్రం ఓబులరెడ్డి చేతుల మీంచి చూపు తిప్పలేదు.

తాడు ఎండిపోయాక మళ్లీ కొలిచారు. ముప్పై ఎనిమిది.

ఖలందర్ అరవబోతూ రాయి వైపు తిరిగాడు. రాయి మీద ఓవర్సీరు అలాగే కూర్చుని ఉన్నాడు.

ఓవర్సీరు అర్జీలో నలభై కొట్టేసి ముప్పై ఎనిమిది వేశాడు. కొట్టానికి అదీ చాలు. పక్క చేను ఆసామిగా సంతకం పెడుతూ, "గుంజలు మాత్రం నువ్వే మోసుకోప్పా," అన్నాడు ఓబులరెడ్డి. ఖలందర్ తాడు చుట్టుకున్నాడు.

గోగునార తాడు తడిస్తే పొట్టిదవుతుంది. పొట్టి తాడుకు నేల ఎక్కువ మూరలు వస్తుంది. రాయి పాతినచోటే ఉంది.