చూడకుండా వేసిన ముద్ర

మొగుళ్లపల్లి దగ్గర మిర్చి నిల్వ చేసే షెడ్డు కప్పు గాలికి లేచి పడిపోయిందని ఫోను వచ్చినప్పుడు, వాల్యా మహబూబాబాద్‌లోని తన ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తింటున్నాడు. ఫోను చేసింది ఆ షెడ్డు కట్టించిన రైతు సంఘం మనిషి. ఇద్దరు ఆడకూలీలకు దెబ్బలు తగిలాయనీ, ఒకామె కాలు ఇనుము కింద నలిగిపోయిందనీ, వరంగల్ దవాఖానకు తీసుకుపోతున్నారనీ చెప్పాడు. వాల్యా ఆమె పేరు అడగలేదు. బతుకుతుందా అనీ అడగలేదు. చెయ్యి కడుక్కుని, బీరువాలోంచి తాను గీసిచ్చిన ఆ షెడ్డు డ్రాయింగుల కట్ట తీసి, మూడో కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఉండాల్సిన ఒక వాక్యం కోసం వెతికాడు. అది అక్కడే ఉంది. ఇనుప కప్పుకు సంబంధించిన అతుకులు, బోల్టుల డిజైను బాధ్యత కప్పు తయారుచేసేవారిదే అని. చదివి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి గుర్తొచ్చినప్పుడల్లా, తరువాత చాలా రోజులు, అతనికి ఎవరి ముందూ తలెత్తబుద్ధి కాలేదు.

వాల్యా డోర్నకల్ దగ్గరి తండాలో పుట్టినవాడు. ఆ తండాకు మొదటి ఇంజనీరు. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో పదేళ్లు పనిచేసి, సొంత ఆఫీసు పెట్టుకుందామని మహబూబాబాద్ వచ్చాడు. ఆ వాక్యం కూడా హైదరాబాదు నుంచి తెచ్చుకున్నదే. అక్కడ ఇనుప కప్పులు చేసే కంపెనీలకు సొంత ఇంజనీర్లుండేవారు. వాళ్లు లెక్కలు కట్టి, సంతకం పెట్టి పంపితే, ఇక్కడ ఇంకొకరు కూర్చుని ఒక్కో అంకె సరిచూసేవారు. వాల్యా ఆ వాక్యాన్ని మాత్రం తెచ్చుకున్నాడు. దాని వెనక ఉండాల్సిన మనుషులను తెచ్చుకోలేదు.

మొగుళ్లపల్లి షెడ్డుకు కప్పు చేసింది డోర్నకల్ గులాం రసూల్. ముప్పై ఎనిమిదేళ్లుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. గేట్లు, కిటికీలు, ట్రాక్టర్ ట్రాలీలు, ముప్పై అడుగుల షెడ్లు చేశాడు. చేతిపని తప్ప లెక్క కట్టడం రాదు, వచ్చని ఏనాడూ చెప్పుకోలేదు. ఇది అరవై అడుగుల కప్పు. పైగా లారీలు లోపలికి రావడానికి ఒక పక్క గోడే లేదు. అందుకే పని మొదలుపెట్టే ముందు వాల్యాకు ఫోను చేసి, ఇంత పెద్దది తానెన్నడూ చెయ్యలేదనీ, గోడ మీద కప్పును పట్టుకునే బోల్టులు తెలిసినట్టు గీసి పంపుతున్నాననీ, జర చూసి చెప్పమనీ అడిగాడు. చూస్తానన్నాడు వాల్యా. మూడో రోజు ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఏడు కాగితాలు ముందు పెడితే, బయటికి పోతూ నిలబడే సంతకాలు చేసి, పరిశీలించి ఆమోదించినట్టు ముద్ర వేసిచ్చాడు. రసూల్ గీసిన కాగితం వాటిలో ఐదోది.

రసూల్ ముప్పై అడుగుల షెడ్లకు పెట్టే బోల్టులే గీశాడు, అడుగు పొడవువి. ఒక పక్క తెరిచి ఉన్న షెడ్డులో గాలి కిందికి దూరి కప్పును పైకి తోస్తుంది. అక్కడ కప్పు బరువును మొయ్యడం కన్నా, ఎగిరిపోకుండా పట్టి ఉంచడమే పెద్ద పని. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు కూడా తెలిసే సంగతి. వాల్యా ఒక్క నిమిషం చూసి ఉంటే ఆ కాగితం వాపసు పోయేది.

కప్పు పడిన మరునాడు వాల్యా జనగామలో కుమార్ అనే వకీలును కలిశాడు. కుమార్ డ్రాయింగు అడుగున ఉన్న వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఇది చాలన్నాడు. తాను పైపైన చూశాననీ, లోపలి లెక్క తయారుచేసిన మనిషిదేననీ చెప్పమన్నాడు. వాల్యా పోలీసుల ముందు ఆ మాటే చెప్పాడు. మరునాడు రసూల్‌ను స్టేషనుకు పిలిపించి, పగలంతా కూర్చోబెట్టి, కేసు రాసి, జామీను మీద పంపారు.

కప్పు పడిన పదకొండో రోజు వాల్యా డోర్నకల్ పోయాడు. ముసలాయనను పలకరించి వస్తానని భార్య కమ్లీకి చెప్పాడు. నిజానికి, ఫోనులో తనను అడిగిన సంగతి రసూల్ పోలీసులకు చెప్పాడో లేదో తెలుసుకుందామని పోయాడు.

షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల రసూల్ నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ జానెడు, మూరెడు ఇనుప ముక్కలు. రెండేసి ముక్కలు అతికించడం, చల్లారాక సుత్తితో కొట్టి, ఎక్కడ విరుగుతుందో చూడడం. వారం రోజుల నుంచి ఇదే పనని, తిండి మీద కూడా ధ్యాస లేదని అతని భార్య రహీమాబీ చెప్పింది.

"అతుకు ఫెయిలయిందని రాసిన్రంట సార్," అన్నాడు రసూల్. "కాయితం మీరు చూసిన్రు. మీరు చూసినంక కాయితంల తప్పుండది. ఇగ తప్పంటే నా చెయ్యిదే. ఏ అతుకు కాడ చెయ్యి వణికిందో యాది చేస్కుంటున్న. యాదికొస్తలేదు."

పోలీసులకు ఏం చెప్పావని వాల్యా అడిగాడు.

"సార్ మంచిగనే చూసిచ్చిండు, నేనే ఖరాబ్ చేసిన అని చెప్పిన. మీ పేరు ఎందుకు పాడు చేస్త?"

అప్పటికే విచారణ నివేదిక వాల్యా జేబులోని ఫోనులో ఉంది. రసూల్ వేసిన వెల్డింగులో ఒక్కటి కూడా పగల్లేదు. బోల్టులు కాంక్రీటులోంచి నిలువునా ఊడి వచ్చాయి, పొడవు చాలక. ఇంగ్లీషు నివేదికలో కనెక్షన్ అన్నది ఆ బోల్టులను. ఎవరో దాన్ని అతుకని చెబితే, ఇంగ్లీషు రాని రసూల్ వెల్డింగనుకున్నాడు. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. రహీమాబీ చాయ్ తెచ్చిచ్చింది. వాల్యా తాగాడు. పరేషాన్ కావద్దని రసూల్‌కు చెప్పి, లేచి వచ్చేశాడు.

దారిలో మోటారు సైకిలు రెండుసార్లు ఆపుకున్నాడు. వెనక్కి మాత్రం తిప్పలేదు. ఇంటికి పోయి, రసూల్ మంచిగనే ఉన్నాడని కమ్లీకి చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగనందుకు అతనికి ఇంకా చిన్నతనమనిపించింది.

రెండు రోజులకు వరంగల్ దవాఖానకు పోయాడు. ఎవరూ పొమ్మనలేదు. వకీలైతే పోవద్దనే అన్నాడు. కాలు పోయిన మనిషి పేరు ఎల్లక్క. యాభై ఏళ్లుంటాయి. మోకాలి కింద తీసేశారు. ఆమె అతన్ని నష్టపరిహారానికి పేర్లు రాసుకునే ఆఫీసరనుకుంది, అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది.

"గాలిదుమారం లేసింది సారూ. కల్లంల మిర్చి ఏరుతున్నోళ్లం రేకుల కిందికి ఉరికినం. నా తోటి కూలి గీత రాననే అన్నది. నేనే చెయ్యి పట్టి గుంజుకపోయిన, లోపలయితే పైలమని." గొంతు తగ్గించి అడిగింది. "ఆ పిల్లకు భుజం ఇరిగింది. నా మీద నారాజుగున్నదేమో. జర కనుక్కోని చెప్తవా?"

వాల్యా మంచం పక్కన నిలబడిపోయాడు. తన చేతిని నమ్మలేక ఒకడు అక్కడ ఇనుము విరగ్గొట్టుకుంటున్నాడు. కాలు పోగొట్టుకున్న ఈమె ఇంకొకరి భుజం గురించి సిగ్గుపడుతోంది. తప్పు చేసినవాడు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"నీ తప్పేం లేదక్కా," అన్నాడు. "ఆ కప్పు కాయితం చూడాల్సినోన్ని నేను. చూడకుండ సంతకం పెట్టిన."

ఎల్లక్క అతని మొహంలోకి చూసింది. "చూసుంటే పడకపోతుండెనా?"

"పడకపోతుండె."

ఆమె తిట్టలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. వాల్యా కాసేపు నిలబడి, ఆమె ఇక ఇటు తిరగదని తెలిశాక బయటికి వచ్చాడు.

మరునాడు పొద్దున్నే భూపాలపల్లి పోయి, విచారణాధికారి ముందు రెండో వాంగ్మూలం ఇచ్చాడు. రసూల్ ఫోను చేసి అడిగిన తేదీ, గీసి పంపిన కాగితం, తాను చూడకుండా వేసిన ముద్ర, రసూల్ దగ్గర ఇంజనీరు లేడని తెలిసే ఆ డిజైను అతని మీదికి తోసిన సంగతి, అన్నీ రాసిచ్చాడు. మొదటిసారి ఇవన్నీ ఎందుకు చెప్పలేదని అధికారి అడిగితే, భయపడ్డానన్నాడు. అధికారి ఆ మాట కూడా రాసుకున్నాడు. కుమార్ ఆ సాయంత్రమే కేసు వదులుకున్నాడు. తరువాతి వారాల్లో కేసులో వాల్యా పేరు మొదటికి వచ్చింది, లైసెన్సు ఆగిపోయింది. రసూల్ పేరు కేసులోంచి పోలేదు, రెండోదయింది. బోల్టులు బిగించింది అతనే కదా.

వాంగ్మూలం ఇచ్చిన మరునాడు వాల్యా డోర్నకల్ పోయాడు. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు. నివేదికలోని బొమ్మలు ఫోనులో పెద్దవి చేసి చూపించాడు. వెల్డింగు ఎక్కడా చెదరలేదని, తాను చూడనందుకే కప్పు పోయిందని చెప్పాడు. రసూల్ కళ్లద్దాలు తెచ్చుకుని ఒక్కో బొమ్మ చూశాడు. చూసిందే మళ్లీ చూశాడు. చివరికి ఫోను వాపసిచ్చాడు.

"ఆ దినం వచ్చినప్పుడు నీకు గిది ఎరుకేనా?"

ఎన్నడూ సార్, మీరు తప్ప అనని మనిషి. వాల్యా నేల చూస్తూ చెప్పాడు. "ఎరుకే భాయ్."

"చాయ్ తాగి పోయినవు."

వాల్యా ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"జైల్ల పెడితె పెడుదురు, దానికి బయపడలె," అన్నాడు రసూల్. గొంతు పెంచలేదు. "నా చేతుల మీద నాకే అనుమానం పెట్టిపోయినవు. దానికి ఏ కోర్టున్నది?"

అప్పుడు రహీమాబీ లోపలి నుంచి వచ్చింది. ఈయన పని ఖరాబని బజారంతా అనుకుంటోందని, గేటు చెయ్యమన్నవాళ్లు ఇనుము వాపసు తీసుకుపోయారని చెప్పింది. "మాకు చెప్పినవు, మంచిది. వాళ్లకు ఎవరు చెప్తరు?"

తాను చెప్తానన్నాడు వాల్యా. రసూల్ చెప్పులు తొడుక్కున్నాడు.

మొదట ఇనుప సామాన్ల దుకాణానికి పోయారు. వాల్యా పేరు చెప్పుకుని, మొగుళ్లపల్లి కప్పు పడిపోయింది తన తప్పువల్లేనని, రసూల్ భాయ్ వెల్డింగులో దోషం లేదని చెప్పాడు. దుకాణదారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత పోయిన హోటల్లో ఆరుగురున్నారు. అందులో ఒకడు వాల్యా తండావాడే, మోతీ. చిన్నప్పుడు కలిసి బడికి పోయినవాడు. చేతిలో గ్లాసు కింద పెట్టి విన్నాడు, విన్నాక మొహం పక్కకు తిప్పుకున్నాడు. గేటు ఇనుము వాపసు తీసుకుపోయిన మనిషి తన కిరాణా కొట్లో సరుకు కడుతూ, తల ఎత్తకుండానే, సరే చూద్దామన్నాడు.

బజారు చివరికొచ్చేసరికి వాల్యా చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. రసూల్ రెండు అడుగులు ముందు నడుస్తున్నాడు. ఇంతసేపూ అతను ప్రతి దుకాణం ముందు నిలబడి విన్నాడంతే.

"రైలు పట్టాల అవతల ఇంకా మూడు దుకాణాలున్నయ్," అన్నాడు, వెనక్కి చూడకుండానే.

వాల్యా అతని వెనకే నడిచాడు.