గోడ నీడన ఏనుగు చెవులు

గోడ కూల్చేస్తున్నానని మా మరిది చెప్పిన రోజున నాకు వచ్చినంత కోపం, అతను ఆ గోడ కట్టిన రోజున కూడా రాలేదు. ఆ రోజు వచ్చింది తక్కువేమీ కాదు. వీధి వీధంతా విన్నారు. కానీ అప్పుడు తిట్టడానికి కారణం కళ్ళెదుట ఇటుకల్లో కనపడుతోంది. ఇప్పుడు తిడదామంటే, ఎదుటి మనిషి నాకేదో మేలు చేస్తున్నానని మొహం వెలిగించుకుని కూర్చున్నాడు. మేలు చేసేవాణ్ణి ఏమని తిట్టాలి?

మొదటి నుంచి చెప్పకపోతే నన్నే గయ్యాళి అనుకుంటారు. అనుకుంటే అనుకోండి, కాకపోతే విన్నాక అనుకోండి.

మామగారు పోయాక ఇల్లు రెండు వాటాలైంది. ముందు వాటా మాది, వెనక వాటా మరిదిది. మధ్యనున్న పెరడు చెరి సగం. నా కుట్టుమిషను పెరటి కిటికీ పక్కన ఉంటుంది. నేను కొత్త బట్టలు కుట్టను, ఉన్నవి బాగుచేస్తాను. ప్యాంటు అంచులు మడుస్తాను, తెగిన జిప్పులు మారుస్తాను, ఒళ్ళు చేసినవాళ్ళ కోట్లు వదులు చేస్తాను, చిక్కినవాళ్ళవి బిగిస్తాను. చిక్కినవాళ్ళు అరుదు. నల్ల ప్యాంటు మీద నల్ల దారం విప్పాలంటే ఎంత వెలుతురు కావాలో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ కిటికీలోంచి ఎండ సూటిగా వచ్చి సూది మీద పడేది. బయట నా సగంలో టమాటాలు, బంతి మొక్కలు, బట్టలారేసుకునే తీగ ఉండేవి.

మా మరిది వడ్రంగి. తలుపులు, అలమరలు చేస్తాడు. పనివాడే, అబద్ధం ఎందుకు. ఒకసారి నేను మా అక్క దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి, అతని సగంలో మెడ ఎత్తి చూడాల్సినంత గోడ లేచి ఉంది. పని చేసుకోవడానికి షెడ్డట. గోడ మీద రేకులు, రేకుల మీది వాననీళ్ళు జారిపోవడానికి ఓ గొట్టం. ఆ గొట్టం మూతి సరిగ్గా నా పెరట్లోకి పెట్టాడు.

"నా జాగాలోనే కట్టుకున్నా వదినా. అంగుళం కూడా మీ వైపు రాలేదు, చూస్కోండి" అంటూ టేపు తీసి చూపించాడు.

"ఎండ ఎవరి జాగా అయ్యా? దాన్ని కూడా టేపు పెట్టి కొలిచావా?" అన్నాను.

"ఎండకి కొలతలేంటి వదినా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

మా ఆయన "పోనీలే" అన్నారు. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాటే అదయ్యుంటుందని నా అనుమానం. బస్టాండులో టికెట్ల కౌంటర్లో కూర్చుంటారు. పొద్దస్తమానం జనం చేత తిట్లు తిని ఇంటికొచ్చే మనిషికి, పెళ్ళానికొచ్చే ఎండని తమ్ముడు ఎత్తుకుపోయాడంటే పట్టింపు ఎక్కడుంటుంది?

టమాటా మొక్కలు ఎండ కోసం పీలగా సాగి సాగి పడిపోయాయి. బంతి పూయడం మానేసింది. తీగ మీద బట్టలు ఆరక ముక్కిపోయిన వాసన. పట్టపగలు ట్యూబులైటు వేసుకుని, మెడ వంచుకుని జిప్పులు మార్చడం మొదలుపెట్టాను. మరిదితో మాటలు మానేశాను. తిట్టడం మాట్లాడటం కిందికి రాదు.

నేల ఎప్పుడూ చిత్తడిగా ఉండేది. ఒక రోజు ఒళ్ళు మండి నర్సరీకి వెళ్ళాను.

"ఎండ పొడ పడదు, నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. అక్కడ బతికేది ఏమన్నా ఉంటే ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పండి" అన్నాను.

నర్సరీ ఆవిడ మట్టి కొట్టుకుపోయిన దుంప ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "ఏనుగు చెవి. దీన్ని చంపేది ఎండే. చలికి ఆకంతా పోతుంది, చచ్చిందనుకుని తవ్వి పారేయకండి. దుంప లోపలే ఉండి మళ్ళీ లేస్తుంది. తుంచితే వచ్చే పాలు మాత్రం తగలనివ్వకండి, దురద."

"ఆకు ఎంత పెద్దదవుతుంది?"

ఆవిడ చేతులు బార్లా చాపింది. వ్యాపారం కదా, చాపుతుందిలే అనుకున్నాను.

మంచి మనసుతో నాటితేనే మొక్క పెరుగుతుందని ఎవరన్నా అంటే వాళ్ళని నా దగ్గరికి పంపండి. నేను పళ్ళు కొరుక్కుంటూ నాటాను. గునపం పోటు పోటుకీ మా మరిదిని తలుచుకున్నాను. పళ్ళు నొప్పి పుట్టాయి గానీ, మొక్క మాత్రం లేచింది. మొదటి ఆకు మడిచిన గొడుగులా చుట్టుకుని వచ్చి, రెండ్రోజులు ఊరించి, ఒక పొద్దున్న విచ్చుకుంది. ముదురాకుపచ్చ, తెల్లటి ఈనెలు, వంకాయ రంగు కాడ. కిటికీ ముందు ఎవరో కొత్త మనిషి వచ్చి నిలబడినట్టనిపించి ఉలిక్కిపడ్డాను.

చలికి ఆకులన్నీ చీకి మట్టిలో కలిసిపోయినప్పుడు, నర్సరీ ఆవిడ ముందే చెప్పినా బెంగపెట్టుకున్నాను. వేడి తిరగ్గానే మళ్ళీ లేచాయి, ఈసారి పక్కన పిలకలతో సహా. ఏడాదికేడాది గోడ పొడవునా పాకాయి. రేకుల మీది నీళ్ళు గొట్టంలోంచి వాటి మొదళ్ళలోకే దూకేవి. షెడ్డులోంచి ఎగిరొచ్చిన రంపపు పొట్టు పెరడంతా పరుచుకునేది. గోడవతలికి వినపడేలా తిడుతూనే దాన్ని ఊడ్చి మొదళ్ళ చుట్టూ పోశాను. తడి నిలిచేది. ఆకులు తలుపులంత అయ్యాయి. జిప్పు కోసం వచ్చినవాళ్ళు జిప్పు మాట మరిచిపోయి కిటికీ దగ్గర నిలబడిపోయేవాళ్ళు. జిప్పులావిడనల్లా ఏనుగు చెవులావిడనయ్యాను. పిలక అడిగితే ఎవరికీ ఇవ్వలేదు. నాకు ఎవరిచ్చారని ఇవ్వాలి?

అదీ సంగతి. ఇప్పుడు అసలు కోపం దగ్గరికొద్దాం.

మా మరిదికి నడుం పట్టేసింది. బరువులెత్తలేక షెడ్డు మూసేసి, కుర్చీలు చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఒక సాయంత్రం భార్యతో సహా మా ముందు గదిలోకొచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అదే రావడం.

"వదినా, గోడ తీయించేస్తున్నా. సోమవారం మనుషులొస్తారు. మీ కిటికీకి మళ్ళీ ఎండొస్తుంది."

"నేనే చెప్పానక్కా" అంది మా తోడికోడలు. వాళ్ళ మేడగది కిటికీలోంచి రేకుల మీదుగా నా మిషను కనపడుతుంది. "ట్యూబులైటు కింద నువ్వు సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతుంటే పైనుంచి చూడలేకపోతున్నాను."

మా ఆయన మొహం చూడాలి! ఆయన్నెప్పుడూ అంత సంతోషంగా చూడలేదు. "చూశావా! నే చెప్పలా, వాడు మంచోడని!"

నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలియక లేచి వంటింట్లోకి పోయాను. గిన్నెలు చేసిన చప్పుడే నా జవాబు. వాళ్ళు దాన్ని టీ పెడుతున్న చప్పుడనుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "ఇన్నేళ్ళూ గోడ గోడ అని నా ప్రాణం తీశావు. తీసేస్తానంటే ఈ మొహమేంటి?"

"ఆకులు మాడిపోతాయి."

"అరే, అవును కదా. మరి వాడికి చెప్పు."

"ఏమని చెప్పను? నీ గోడ చల్లగా ఉండాలి నాయనా, కూల్చకు అని కాళ్ళ మీద పడనా? ఇన్నేళ్ళు తిట్టిన నోటితోనే?"

"పోనీలే, కుండీల్లో పెట్టి ముందు గదిలో..."

"తలుపంత ఆకుల్ని ముందు గదిలో పెట్టి, మనం వీధిలో పడుకుందామా?"

ఆయన పేపరు అందుకున్నారు.

ఆదివారం పాత కర్టెన్లన్నీ కలిపి పెద్ద దుప్పటిలా కుట్టి, బట్టల తీగకి పందిరిలా కట్టాను. గాలికి ఉబ్బి, ముడులు విప్పుకుని వెళ్ళి అదే గోడకి చుట్టుకుంది. మేడ మీంచి మా తోడికోడలు "అక్కా, కర్టెన్లు ఉతికావా?" అని అడిగింది.

సోమవారం పొద్దున్నే మనుషులొచ్చి రేకులు విప్పారు. గొట్టం పీకారు. గోడ పైవరసలు కూడా కొన్ని తీసేసరికి ఎండ దబ్బున నా పెరట్లో పడింది. కిటికీలోంచి లోపలికొచ్చి మిషను మీద, సూది మీద పడింది. చేతిలో నల్ల ప్యాంటు ఉంది. నల్ల బట్ట మీద నల్ల దారం పోగు పోగుగా విడివిడిగా కనపడింది. కళ్ళకి హాయిగా అనిపించింది. ఆ హాయి చూసుకుని నాకు నా మీదే మండిపోయింది.

మధ్యాహ్నానికి అన్నిటికన్నా పెద్ద ఆకు తల వాల్చేసింది. మధ్యలో గోధుమరంగు మచ్చ లేచింది, ఇస్త్రీపెట్టె గుడ్డ మీద పెట్టి మరిచిపోతే పడే మచ్చలాగా. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. అంతలో పైనుంచి ఒక ఇటుక జారి పక్క మొక్క మీద పడింది. కాడ పుటుక్కున విరిగి పాలు కారాయి. పరుగెత్తి ఆకుని చేతుల్లోకి తీసుకున్నాను.

"ఆపండి! ఆపమంటుంటే!"

సుత్తులు ఆగాయి. పక్క సందులోంచి మా మరిది నడుం పట్టుకుని గబగబా నా పెరట్లోకొచ్చాడు. వెనకే మా ఆయన.

"ఏంటి వదినా, దెబ్బ తగిలిందా? మీ కోసమే కదా చేయిస్తున్నా..."

"నా కోసమైతే నన్నడిగావా?"

"అడగడానికేముంది? ఎండ ఎవరికి చేదు?"

"నాకు."

మా మరిది నా మొహం చూశాడు, చేతిలో విరిగిన ఆకు చూశాడు, గోడ పొడవునా ఉన్న మొక్కల్ని చూశాడు. మెల్లగా అతని మొహంలోకి అదే పాత నవ్వొచ్చింది. "అయితే గోడ మంచిదేనన్నమాట!"

అంతే. ఇన్నేళ్ళ నుంచీ దాచినదంతా బయటికొచ్చేసింది.

"గోడ మంచిది కాదు. నువ్వూ మంచివాడివి కావు. నా టమాటాలు చంపావు, నా కళ్ళు పాడుచేశావు. సరే, చీకటే నా మొహాన రాసి ఉందనుకుని ఆ చీకట్లోనే ఇదంతా పెంచుకున్నాను. నువ్వొదిలిన నీళ్ళతో, నువ్వు పారేసిన పొట్టుతో పెంచుకున్నాను. ఇప్పుడొచ్చి ఎండ ఇదిగో తీసుకో అంటే, వీటిని ఎక్కడ పెట్టుకోను? కట్టేటప్పుడు అడగలేదు. కూల్చేటప్పుడూ అడగలేదు. ఎండైనా నీడైనా నీకు తోచినప్పుడు నువ్వు విసిరితే నేను ఏరుకోవాలా? గోడ నీదే. ఎవరు కాదన్నారు? నీడ మాత్రం నాది. నా దాని జోలికొచ్చేముందు నన్నడగాలని ఈ ఇంట్లో ఒక్కరికి, ఒక్కరికి కూడా తట్టదా?"

కోపం ఎక్కువైతే నాకు ఏడుపొస్తుంది. దాన్ని చూసి ఎవరూ జాలిపడక్కర్లేదు. పాలు అంటిన చేతులు దురదతో మండుతున్నాయి, బరబరా గోక్కుంటూనే నిలబడ్డాను.

మా మరిది నవ్వు పోయింది. మేడ కిటికీలో మా తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. అతను ఒకసారి ఆవిడ వైపు చూశాడు, తల దించుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"వదినా" అన్నాడు, "గోడ ఉంచమంటారా, తీసేయమంటారా?"

ఎప్పుడూ ఎవరూ అడగని మాటకి జవాబు ఎవరు సిద్ధం చేసుకుని కూర్చుంటారు? వెనక్కి తిరిగి చూస్తే కిటికీలో సూది ఎండకి మెరుస్తోంది. ఇటు చూస్తే వాలిపోయిన ఆకు. గోడ మీద మనుషులు సుత్తులు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. మా ఆయన నోరు తెరిచారు. ఏమనబోతున్నారో నాకు తెలుసు. నేను చూసిన చూపుకి మూసేశారు.

"ఆలోచించుకుని చెప్తాను" అన్నాను. "అందాకా నువ్విక్కడే ఉండు."

లోపలికెళ్ళి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, మిషను ముందు కూర్చున్నాను. కిటికీలోంచి చూశాను. మధ్యాహ్నపు ఎండలో, చేతులు కట్టుకుని, మా మరిది అక్కడే నిలబడి ఉన్నాడు. నల్ల ప్యాంటు ఒళ్ళోకి తీసుకుని, తీరిగ్గా సూదిలో దారం ఎక్కించాను.