శేషరత్నం ముట్టుకున్న కిరీటం

నేను ఒక కిరీటాన్ని. బంగారపుదాన్ని కాదు. ఏ రాజూ నన్ను పెట్టుకోలేదు, రాజులూ రాణులూ అయినట్టు వేషం కట్టినవాళ్లు పెట్టుకున్నారు. నాకు కోపం ఎక్కువ. ఇంత తళతళలాడే వస్తువుకి కోపమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. మీరు నవ్వేదీ ఏడ్చేదీ ముక్కు మూసుకునేదీ అన్నీ మీ కళ్లు చెప్పినట్టే కదా. ముందు నా మాట వినండి.

కొండపల్లిలో బొమ్మలు చెక్కే భీమరాజు తెల్ల పొణికి కర్రతో నన్ను చెక్కాడు. చింతగింజల జిగురు పట్టించి, సున్నం పూసి, పైన బంగారు రంగు రేకు అద్దాడు. అతని భార్య పగిలిన అద్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి నా చుట్టూ అతికించింది. అంటే నేను కర్ర, జిగురు, గాజుపెంకులు. అయినా నా మీద దీపం పడగానే మీరు "అబ్బ!" అంటారు. మొదట్లో ఆ మాటకి నేనూ మురిసిపోయేదాన్ని. అప్పటికింకా మీరెవరో నాకు తెలియదు.

రేపల్లెలో నాటక సమాజం నడిపే కాశీపతి నన్ను కొనుక్కెళ్లాడు. అక్కడ మహారాణి వేషం శేషరత్నానిది. పొట్టి మనిషి, చామనచాయ. ఆమెను అందగత్తె అని ఎవరూ అన్నట్టు నేను వినలేదు. కానీ నన్ను పెట్టుకుని తెర ముందుకొచ్చి రాగం ఎత్తుకుందంటే, ముందు వరసలో చుట్టలు కాలుస్తున్నవాళ్లు వాటిని ఇసకలో గుచ్చేసేవారు. చనిపోయిన కొడుకు ముందు కూర్చుని రాణి పాడే పద్యం ఒకటుంది. అందులో శేషరత్నం ఏడ్చేది కాదు. గొంతు ఒకచోట ఆగేది, అంతే. ఆ ఆగిన చోట జనం ఏడ్చేవారు. ఏడ్చి, ముక్కు చీది, "వన్స్ మోర్!" అని కేకలు పెట్టేవారు. అప్పుడే లేవబోతున్న కొడుకు వేషగాడు మళ్లీ ఊపిరి బిగబట్టుకుని చావాల్సిందే.

ఆమె నోరు మంచిది కాదు. ఎవరు అపస్వరం పాడినా అక్కడే దులిపేసేది. సమాజంలోకి కొత్తగా వచ్చిన మణిమాల అనే పిల్లకి మాట్లాడ్డం కూడా సరిగ్గా రాకపోతే, పొద్దున్నే కూర్చోబెట్టుకుని తిట్టి, పాడించి, మళ్లీ తిట్టి, తన పద్యాలన్నీ నేర్పింది. మణిమాల ఎర్రగా బుర్రగా ఉండేది. ఆమె వస్తుంటే కుర్రకారు ఈలలు వేసేవారు. ఆ ఈలల మీద శేషరత్నానికి ఏనాడూ కుళ్లు లేదు.

అలా ఉండగా శేషరత్నం ఎడమ చెంప మీద తెల్లమచ్చ వచ్చింది. ముందు చూసింది రంగులు వేసే మస్తాను.

"అక్కా, ఇదేంటి? కాలిందా?"

"లేదురా. నేనూ అదే చూస్తున్నాను."

కొన్నాళ్లకి మచ్చ అరచేయంత అయింది. పెదవి చివర ఇంకొకటి, వేళ్ల మీద మరికొన్ని. బొల్లి అన్నాడు డాక్టరు. ఇది ఎవరికీ అంటదనీ, దీనివల్ల ప్రాణానికేమీ కాదనీ చెప్పాడు. ఆమె ఆ మాటే తెచ్చి కాశీపతికి చెప్పింది.

"అంటదని నాకూ తెలుసమ్మా," అన్నాడు కాశీపతి. "జనానికి తెలియాలి కదా. దట్టంగా రంగు పూసుకో. ఎవరికీ చెప్పకు."

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. తెలుపంటే పడిచచ్చేది మీరే కదా! పిల్ల పుట్టిందనగానే రంగేమిటని అడుగుతారు. ఉన్న రంగు చాలక మొహాలకి క్రీములు రుద్దుతారు. మస్తాను పెట్టెలో ఉన్న డబ్బాలన్నీ నల్లవాళ్లని తెల్లగా చేయడానికే. అలాంటి మీరు ఒక ఆడమనిషి చెంప మీద అరచేయంత తెలుపు చూసి జడుసుకున్నారు. దాని మీద చామనచాయ పూసి దాచమన్నారు. మీకు కావలసిన రంగేమిటో మీకైనా తెలుసా?

అప్పుడప్పుడు రాణి వేషం కట్టే మణిమాలకి నిజం తెలిసింది. ఒకరోజు వేషాలు కట్టుకునే గదిలో అందరి ముందూ కాశీపతితో అంది: "బాబాయిగారూ, ఆవిడ పెట్టుకున్న కిరీటం నేను పెట్టుకోను. రేపొద్దున నాకూ వస్తే?"

కాశీపతి నన్ను డెట్టాల్ నీళ్లతో కడిగించాడు. నా రేకు ఒక పక్క లేచిపోయింది. మస్తాను ఒక్కడే "నేను రోజూ ఆ మొహం పట్టుకునే రంగు వేస్తున్నాను, నాకేం రాలేదే" అన్నాడు. శేషరత్నం కాళ్లకి గజ్జెలు కట్టుకుంటున్నదల్లా తలెత్తింది.

"మణీ, నీ నోట్లో పద్యం పెట్టింది నేనే కదే. అది కూడా కడుక్కుంటావా?"

మణిమాల తల తిప్పుకుంది. తప్పంతా ఆ పిల్ల ఒక్కదానిదే అని నేను అనను. ఆమె చుట్టూ ఉన్న పెద్దవాళ్లెవరూ ఆమె మాట తప్పనలేదు.

ఆ వేసవిలో ఒక ఊళ్లో తిరునాళ్లకి ఆట కుదిరింది. మహారాణి వేషం శేషరత్నమే వేయాలని ఊరివాళ్లు పట్టుబట్టారు. దీపాలు పెట్టే వేళకే ఆట మొదలైంది. గాలి ఆడటం లేదు. దట్టంగా పూసిన రంగు కింద ఆమె చర్మం మండిపోతోంది. నుదుటి చెమట నా లోపలి గుడ్డని తడిపేసింది. సరిగ్గా కొడుకు పద్యం దగ్గరికి వచ్చేసరికి చెంప మీద రంగు పాయలుగా కారింది.

"ఒరేయ్, బొల్లిరా! రాణికి బొల్లి!" అని ముందు వరసలోంచి ఎవడో అరిచాడు. నవ్వులు మొదలయ్యాయి. హార్మోనియం ఆగిపోయింది. పక్క తెర వెనక నుంచి కాశీపతి "దించండి, తెర దించండి" అని చేతులు ఊపుతున్నాడు.

ఆమె కణత దగ్గర నరం కొట్టుకోవడం నాకు తగిలింది. పారిపోతుందనుకున్నాను. కొడుకు వేషగాడి భుజం మీద కండువా లాగి, దానితో చెంప, పెదవి, మెడ గట్టిగా తుడుచుకుంది. ఒక్క మచ్చ కూడా మిగల్చకుండా అన్నీ బయట పెట్టింది. జనం వైపు తిరిగి నిలబడింది.

"శ్రుతి ఇవ్వండి గురువుగారూ," అంది హార్మోనిస్టుతో.

పాడింది. కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు ఆడవాళ్లు పిల్లల మొహాలకి కొంగు అడ్డం పెట్టారు. ఆమె ఎవరి కోసమూ ఆగలేదు. గొంతు ఆగాల్సిన చోటే ఆగింది. అక్కడ ఎంత నిశ్శబ్దం అంటే, తిరునాళ్లలో రంగులరాట్నం కిర్రుమనడం వినిపించింది. పద్యం అయ్యాక వెనక నుంచి ఒకడు "వన్స్ మోర్" అన్నాడు. తర్వాత పదిమంది. తర్వాత మిగిలినవాళ్లంతా.

అంతకు ముందు ఏనాడూ ఆమె కాదనలేదు. ఆ రోజు మాత్రం, "ఇందాక నవ్వినప్పుడు వినాల్సింది బాబూ," అని లోపలికి నడిచింది.

మర్నాడు కాశీపతి ఆమె ఇంటికి వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"పాట అద్భుతం అన్నారమ్మా తిరునాళ్ల కమిటీవాళ్లు. మనిషిని మాత్రం ఇంక తేవద్దన్నారు."

"పాట నాలోంచి ఊడబెరికి పట్టుకెళ్తావా కాశీపతీ?"

అతను సంచిలోంచి నన్ను తీసి అరుగు మీద పెట్టాడు. "ఇదీ నువ్వే ఉంచుకో. ఇంకెవరూ దీన్ని పెట్టుకోరట," అని వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు. మీలో ఎక్కువమంది లాంటివాడే. అదే నా కోపం.

ఆమె నెలరోజులు నోరు విప్పలేదు. మస్తాను వచ్చి, తనే స్టవ్ వెలిగించి టీ పెట్టుకుని, తనే మాట్లాడుకుని వెళ్లేవాడు. ఒకరోజు అతనే ఊళ్లో ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, "వీళ్లని తిట్టక్కా" అన్నాడు. వాళ్లు మొదటి చరణంలోనే తప్పు పాడారు. ఆమె తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ఆమె దగ్గర చాలామందే నేర్చుకుంటున్నారు. పిలిచిన చోటికి వెళ్లి తనూ పాడుతుంది, మొహానికి ఏమీ పూసుకోకుండా. నన్ను తీసుకెళ్లదు. ముందు గదిలో అలమర మీద ఉంటాను. వచ్చినవాళ్లు నన్ను చూసి "అబ్బ, ఎంత బాగుందో" అంటారు. వాళ్ల నోరు నొక్కేయాలనిపిస్తుంది.

మొన్న ఒకావిడ కూతురిని తీసుకుని వచ్చింది. పిల్ల పోటీలో పాడాలట. శేషరత్నం లోపలికి వెళ్లి కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు పట్టుకున్న తెల్లటి వేళ్లని ఆవిడ చూసింది.

"ఇప్పుడే తాగి వచ్చామండీ. అక్కడ పెట్టండి."

శేషరత్నం గ్లాసు ఆవిడ ముందు పెట్టి, పిల్లని చాప మీద కూర్చోమంది. "నోరు పూర్తిగా తెరువు. సిగ్గుపడుతూ పాడితే పద్యం నీకు దక్కదు," అని తను ఎత్తుకుంది. ఆ రోజు పాడింది కొత్త పద్యం, అడవిలో తప్పిపోయిన చెల్లెల్ని అన్న పిలిచేది. ఆవిడ మొదట గోడకి ఆనుకుని కూర్చుంది. తర్వాత కాస్త ముందుకు జరిగింది. తర్వాత కళ్లు ఒత్తుకుంది.

"మా అమ్మాయికి ఇదే నేర్పండమ్మా," అంది. "ఇలాగే, అచ్చం మీలాగే."

"రేపటి నుంచి పంపించండి," అంది శేషరత్నం.

ఆవిడ మళ్లీ కళ్లు తుడుచుకుంది. గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టింది.