అల్లుడి కారుకి మామ బిగించిన గొట్టం

"ఎండలో ఇంజన్ వేడిగాలి పీలుస్తోంది మామయ్యా, బండి లాగట్లేదు" అని మాటవరసకి అని, కారు వాకిట్లో పెట్టి అల్లుడు రైలెక్కాడు. ముప్పై ఏళ్లుగా నీళ్ల గొట్టాలు బిగిస్తున్న మామకి ఆ మాటతో చేతులు దురదపెట్టాయి.

"వేడిగాలి వద్దంటే చల్లగాలి పీల్పిద్దాం. గొట్టం ఎక్కడైనా గొట్టమేగా!"

"అల్లుడి బండి. అడిగావా ఆయన్ని?" అంటూనే భార్య చేతులు తుడుచుకోడానికి పాత దిండుగలీబు నాలుగు ముక్కలుగా చింపి ఇచ్చింది.

"అడిగితే ఇంక గొప్పేముందే?"

మూడంగుళాల తెల్ల ప్లాస్టిక్ గొట్టం, దాన్ని వంపు తిప్పడానికి ఒక ఎల్బో, రెండు క్లిప్పులు. ఒక కొస ఇంజన్‌కి, రెండో కొస చల్లగాలి తగిలేలా బంపర్ వెనక్కి, దాని మూతికి ఫిల్టరు. గొట్టం కోసేటప్పుడు రంపపు పొట్టు పడకుండా ఇంజన్ నోట్లో గుడ్డ కుక్కాడు. కుళాయి పనిలో అది అలవాటే. తర్వాత దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. నీళ్లు వదిలితే అదే తన్నుకుని బయట పడుతుంది.

తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గింది, ఎగశ్వాస తీసింది.

"కొత్త కదా, గొంతు సర్దుకుంటోంది" అని గట్టిగా తొక్కాడు. గుడగుడమంది. ఆగిపోయింది. మళ్లీ తిప్పితే ఉలుకూ పలుకూ లేదు.

మెట్ల మీద భార్య గుడ్డలు ఏరుతోంది. "నాలుగిచ్చాను. మూడే ఉన్నాయేంటి? పువ్వులంచుది ఏదయ్యా?"

మామ కారులోంచి దూకాడు. నీళ్లు బయటికి తోస్తాయి. ఇంజన్ లోపలికి లాక్కుంటుంది!

ఇంజన్ వైపు గొట్టం కొస ఊడదీశాడు. గుడ్డ వచ్చింది, నమిలి ఉమ్మినట్టు. నేల మీద పరిచాడు. ఒక మూల లేదు. అరచేయంత.

"ఎంత పని చేశావయ్యా!" భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలో గేటు చప్పుడైంది. "బ్యాటరీ పోయిందని చెప్పు" అని గొణిగింది.

"మామయ్యా, తాళాలివ్వండి. ఇటు నుంచి ఇటే ఆఫీసుకెళ్లాలి" అన్నాడు రైలు దిగి వచ్చిన అల్లుడు, సంచి దించకుండానే.

మామ తాళాలున్న పిడికిలి విప్పలేదు. రెండో చేత్తో ఆ చిరుగు గుడ్డ చాచాడు.

"స్టార్ట్ చెయ్యకండి బాబూ. దీని మూల మీ ఇంజన్ మింగేసింది. కుక్కింది నేనే."

అల్లుడు నోరు తెరిచి గుడ్డ వంక చూశాడు, తర్వాత తెరిచిన బానెట్ వంక.

"సరే మామయ్యా... మరి ఆ తెల్ల గొట్టమేంటి?"

అసలు సంగతి ఇంకా చెప్పనే లేదని మామకి అప్పుడు గుర్తొచ్చింది.