ఇరవై ఐదో పూట

కౌల్ బజారు వెనకసందులో పక్కీరప్పకు తెల్లారడం ఎట్లాగంటే, ముందు కుడికాలు తనంతట తాను మంచం దిగేది, ఆ తర్వాత ఎడమకాలిని ఆయన రెండుచేతులా పట్టుకొని దించేవాడు. కట్టెకాలేం కాదు, సొంత కాలే. మోకాటి దగ్గర మడవమంటే మాత్రం కొత్త అల్లుడి మాదిరి బిగుసుకొని కూర్చునేది.

పక్కీరప్ప దూదిమిల్లులో తొక్కేమనిషి. బేలుమూట కట్టేముందు దూదిని లోతైన చెక్కపెట్టెలో పోస్తారు, మనుషులు అందులోకి దిగి తొక్కుతారు. పెట్టె అంచు తొడల ఎత్తుంటుంది. అది దాటి దిగాల, దిగినాక మోకాళ్ళు రొమ్ముదాకా లేపి లేపి తొక్కాల. పద్దెనిమిదేండ్లు అట్లా తొక్కినవాడు ఆయన. ఆయన తొక్కిన బేలును తట్టి చూస్తే రాయిని తట్టినట్టే ఉండేదని మిల్లులో చెప్పుకునేవాళ్ళు. పోయిన సీజను ఆఖర్లో ఒక బేలు దొర్లి వచ్చి ఆ మోకాటి మీదే పడింది. చిప్ప రెండుగా పగిలింది. పెద్దాసుపత్రిలో కోసి, తీగతో కుట్టి, ఆరువారాలు కట్టు కట్టి పండబెట్టినారు.

మిల్లువాళ్ళు కట్టిన ఇన్సూరెన్సు ఒకటుండేది. ఆపరేషను ఖర్చు అదే భరించింది. ఆపైన కాలికి ఎక్సర్‌సైజు చేయించడానికి ఒక కార్డు ఇచ్చినారు, దానిమీద ఇరవై నాలుగు గళ్ళు. పూటకొక గడిలో ముద్ర పడేది. చేయించేది రాజగోపాలయ్య, మద్రాసుకు పోయి ఆ విద్య నేర్చుకొని వచ్చిన మనిషి. చీలమండకు ఇసకసంచి కట్టించి లేపించేవాడు, వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టి మెల్లిగా మడిచేవాడు. ఇరవై నాలుగోనాడు చెక్క కొలబద్ద పెట్టి చూస్తే మోకాలు సగమే మడిగింది. ఇంకొన్ని పూటలు కావాలని ఆయనే కంపెనీకి జాబు రాసినాడు. మనిషి నడుస్తున్నాడు గదా, నడిచేవాడు బాగైనట్టే లెక్క అని వాళ్ళు తిరిగి రాసినారు.

"కుర్చీలో కూర్చునేంత మడిగిందప్పా," అన్నాడు రాజగోపాలయ్య, ముఖం చిన్నది చేసుకొని. "ఇరవై ఐదో పూట నుంచి నువ్వే చూసుకోవాల."

"మా ఇంట్లో కుర్చీ లేదు సార్," అన్నాడు పక్కీరప్ప.

మిల్లు మేస్త్రీ అప్పటికే కబురు పెట్టినాడు. పుష్యమాసంలో సీజను మొదలైననాడు ఎవరి చేయీ పట్టుకోకుండా పెట్టెలోకి దిగినవాడికి పాతపని, దిగలేనివాడికి గోడౌన్లో గింజలు ఊడ్చేపని. ఊడ్చేపనిలో అవమానం ఏమీ లేదు. కానీ లోపల తొక్కే చప్పుడు వింటూ బయట చీపురు పట్టుకొని నిలబడటం ఎట్లా అనేదే పక్కీరప్పకు గొంతు దిగని ముద్దైంది.

ఇంట్లో గడప దాటడమే కష్టమైంది. నాలుగువేళ్ళ ఎత్తు తుమ్మకొయ్య, వాళ్ళ నాయన బండి అమ్మేసినాక మిగిలిన కాడిమానుతో చేయించింది. ఎడమకాలు దానికి తగిలి రెండుసార్లు బోర్లాపడినాడు. ఒకసారి దానిమీద కాలుపెట్టి ఎక్కబోతే పెండ్లాం తిమ్మమ్మ పసుపుచేత్తోనే అడ్డమొచ్చింది.

"కాలు ఇరిగితే కట్టినారు. గడప తొక్కితే ఎవురు కడతారు? దాటు."

సరే, వడ్ల వెంకటప్పయ్యను పిలిపించి గడపను రెండువేళ్ళు చెక్కించినారు. తెల్లారి చూస్తే చెక్కిన రెండువేళ్ళూ తిరిగి పెరిగి వచ్చేసినాయి, పైన ఇంకొక వేలు. వెంకటప్పయ్య వంగి చూసి, వేలితో తట్టి, ఉలి సంచిలో పెట్టుకున్నాడు. "పెరిగే కొయ్య. దీనికి ఉలి పెడితే పంతం ఎక్కువైతాది. చాలు, వదిలెయ్," అని వక్క నోట్లో వేసుకొని పోయినాడు.

మరుసటినాడు ఇంకొక వేలు. ఆ మరుసటినాడు ఇంకొకటి. తిమ్మమ్మ మామూలుగానే తుడిచి పసుపు పూసేది, రోజురోజుకూ పసుపు మాత్రం కొంచెం ఎక్కువ కలుపుకునేది. పక్కింటి సుభద్రమ్మ మజ్జిగచెంబు పైనుంచే అందించేది. గడప లేచినకొద్దీ తలుపు మూతపడక, వెంకటప్పయ్య వారానికొకసారి వచ్చి తలుపు అడుగు కోసిపోయేవాడు. ఇదేంది అని అడిగినవాడు సందులో ఒక్కడూ లేడు.

పక్కీరప్పకు మాత్రం తమాషాగా ఉండేది. పొద్దున లేస్తూనే ఎంత లేచిందా అని వేళ్ళు ఆనించి చూసుకునేవాడు. బయటికి పోవాలంటే దాటాల, తొక్కేదానికి లేదు, కాబట్టి మోకాలు మడవాల. మొదట గోడ పట్టుకొని పండ్లు కొరుక్కుంటూ దాటేవాడు, పోనుపోను గోడ వదిలేసినాడు. ఒకనాడు మోకాలు కుండలాగా వాచింది. ఆ పొద్దు గడప పెరగలేదు సరిగదా, అరవేలు తగ్గి ఉంది. వాపు తీసినాకే మళ్ళీ లేచింది. కొయ్యకు అంత తెలివి యాడిదని ఆయన పొద్దస్తమానం ఆలోచించినాడు. ఎద్దుల మెడమీద అన్నేండ్లు ఉండింది కదా, ఎంత బరువు ఎప్పుడు పెట్టాలో దానికి తెలిసే ఉంటుందని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు.

ఈ సంగతి విని రాజగోపాలయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చినాడు. గడప చూసినాడు, మోకాలు చూసినాడు. జేబులోంచి పెన్సిలు తీసి ద్వారబంధం మీద ఆనాటి ఎత్తుకు గీత గీసి, వెనకటి రోజులు లెక్కేసి 'ముప్పై రెండో పూట' అని రాసినాడు. ఆ తర్వాత ఆదివారం ఆదివారం వచ్చి గీతలు గీసి, తిమ్మమ్మ ఇచ్చిన బొరుగులు తిని పోయేవాడు. అరవయ్యో పూట గీత దగ్గర గడప పక్కీరప్ప తొడల ఎత్తుకు వచ్చింది. వచ్చి, నిలిచిపోయింది.

సీజను మొదలైనపొద్దు మిల్లులో పెట్టె చుట్టూ మనుషులు మూగినారు. తొక్కేవాళ్ళందరూ ఎప్పటిమాదిరే అంచుమీద కాలుపెట్టి, ఎక్కి, లోపలికి దూకినారు. పక్కీరప్ప అంచు దగ్గర నిలబడినాడు. మేస్త్రీ చీపురుకట్ట వైపు ఒకసారి చూసినాడు. పక్కీరప్ప దేన్నీ పట్టుకోలేదు. ఎడమ మోకాలు రొమ్ముదాకా మడిచి, అంచుకు అరికాలు తగలనీయకుండా అవతలికి దాటించి, దూదిలో పెట్టినాడు. వెనకే కుడికాలు.

"ఏమప్పా పక్కీరప్పా, ఇది మీ ఇంటి గడపనా ఏంది, తొక్కకుండా వస్తాండావు?" అన్నాడు మేస్త్రీ.

"మా ఇంటిది దీనికంటే రెండువేళ్ళు ఎత్తప్పా," అని పక్కీరప్ప తొక్కడం మొదలుపెట్టినాడు.

సాయంత్రం ఒళ్ళంతా దూదిపింజెలతో ఇల్లు చేరేసరికి గడప ఎప్పటి నాలుగువేళ్ళకు దిగిపోయి, పసుపు పూసుకొని ఏమీ ఎరగనట్టు ఉంది. తలుపే పాపం, కోసి కోసి, లాగు పొట్టైన పిల్లోడి మాదిరి వేలాడుతోంది. కిందిసందులోంచి సుభద్రమ్మ కోళ్ళు వరసగా లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. పక్కీరప్ప అలవాటుకొద్దీ మోకాలు రొమ్ముదాకా లేపినాడు.

పొయ్యికాడినుంచి తిమ్మమ్మ చూసింది.

"కోళ్ళు నవ్వుతాండాయి, దించు," అంది.

ఆయన దించలేదు. అట్లాగే ఒంటికాలి మీద ఇంకొంచెంసేపు నిలబడినాడు, ఊరికే, నిలబడగలడు కాబట్టి.